పేరు మార్చుకుని పరీక్ష రాసిన హూ షి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. బాబాసాహెబ్ గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గురించి మన అన్నలు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి మేము కాస్త దూరం వెళ్ళాం. చైనా దాకా వెళ్ళాం. ఎందుకో ముందే చెబుతాం.

పోయిన ఏడాది పదో తరగతి ఫలితాలు వచ్చాక, హాస్టల్ తెరిచిన వారంలో పాసైన తమ్ముళ్ళంతా టీసీల కోసం వచ్చి మిఠాయిలు పంచారు. ఒక్క తమ్ముడు రాలేదు. లెక్కల్లో క్లాసుకే మొదటివాడు. ఇంగ్లీషు ఒక్కటీ పోయింది. తాపీ పనికి వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. ఆదివారం పూట మేము వాళ్ళ ఊరికి వెళ్తే ఇంట్లో ఉండి కూడా లేడని చెప్పించాడు. తిరిగి వచ్చే బస్సులో మాలో ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ నెలలోనే లైబ్రరీలో ఒక చైనా పెద్దమనిషి కథ మాకు కంటబడింది. ఆయన పేరు హూ షి. చైనా రాతభాషనే మార్చిన పండితుడు, విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు, అమెరికాకు రాయబారి. ఇవన్నీ తర్వాతి మాటలు. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన ఒక పరీక్షకు కూర్చున్నాడు. తప్పితే స్నేహితులు నవ్వుతారని భయపడి పేరు మార్చుకుని మరీ కూర్చున్నాడు. ఆ పరీక్షలో ఇంగ్లీషులో ఆయనకు వచ్చినవి వందకు అరవై.

హూ షి 1891 డిసెంబరు 17న షాంఘైలో పుట్టాడు. సొంత ఊరు అన్‌హుయి రాష్ట్రంలో కొండల మధ్య ఒక పల్లె. తండ్రి హూ చువాన్ ప్రభుత్వ అధికారి. తల్లి ఆయనకు మూడో భార్య, వయసులో ఆయన కంటే ముప్పై ఏళ్ళకు పైగా చిన్నది. పెళ్ళినాటికి ఆమెకు చదువు రాదు. తండ్రి ఎర్ర కాగితాన్ని చదరపు ముక్కలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాసి భార్యకు నేర్పేవాడు. పక్కన కూర్చున్న పిల్లవాడూ నేర్చుకునేవాడు. మూడేళ్ళు నిండేసరికి వాడికి ఏడు వందల అక్షరాలు వచ్చాయి, తల్లికి వెయ్యి దాకా వచ్చాయి. మనకు యాభై ఆరు అక్షరాలు వస్తే తెలుగు ఏదైనా చదివేయవచ్చు. చైనాలో ఒక్కో మాటకు ఒక్కో గుర్తు నేర్చుకోవాలి, అందుకని ఆ ఏడు వందలు మొదటి మెట్టు మాత్రమే.

1895లో తండ్రి చనిపోయాడు. తల్లికి ఇరవై మూడేళ్ళు. సవతి పిల్లల్లో కొందరు ఆమె కంటే పెద్దవాళ్ళు. ఇంటి డబ్బంతా వాళ్ళ చేతుల్లో ఉంది. ఆ ఇంట్లో నోరెత్తకుండా బతుకుతూ ఆమె ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవలేదు. పల్లె బడిలో ఒక్కో పిల్లవాడు పంతులుకు ఏడాదికి రెండు వెండి నాణేలు ఇచ్చేవాడు. ఆ రెండు నాణేలకు పంతులు వల్లె వేయించేవాడే గాని అర్థం చెప్పేవాడు కాదు. పిల్లలకు విసుగు పుట్టి బడి ఎగ్గొట్టేవారు. ఈ తల్లి మొదటి ఏడే ఆరు నాణేలు ఇచ్చింది. ఏటేటా పెంచి పన్నెండు దాకా తీసుకుపోయింది. షరతు ఒక్కటే, తన కొడుక్కి ప్రతి మాటకూ అర్థం చెప్పాలి. ఆ ఊళ్ళో అంత ఫీజు అంతకు ముందు ఎవరూ కట్టలేదు. తెల్లవారక ముందే కొడుకును లేపి, పక్క మీద కూర్చోబెట్టి, తండ్రి ఎలాంటి మనిషో చెప్పి బడికి పంపేది. తప్పు చేస్తే నలుగురిలో తిట్టేది కాదు. రాత్రి తలుపు వేశాక దండించేది. ఒకసారి వాడికి కంటి జబ్బు చేసి ఏ మందుకూ తగ్గలేదు. నాలుకతో నాకితే పొర పోతుందని ఎవరో చెబితే రాత్రి నిద్రలేపి నిజంగానే నాలుకతో నాకింది. ఇది వైద్యం కాదని మనకు తెలుసు. అయినా చదువుతున్నప్పుడు మాలో ఇద్దరికి కళ్ళు తడిశాయి.

1904లో, పన్నెండేళ్ళు దాటగానే, ఆమె వాణ్ణి షాంఘైకి పంపేసింది. అప్పటి నుంచి ఆమె చనిపోయే దాకా తల్లీ కొడుకులు కలిసి ఉన్న రోజులన్నీ కూడితే కొద్ది నెలలకు మించవు.

షాంఘై బడిలో వాడికి అక్కడి మాట తెలియదు. వాడి పల్లె మాట అక్కడివాళ్ళకు తెలియదు. పట్నం హాస్టల్‌లో మొదటి నెల మన యాసకు అందరూ నవ్విన రోజులు గుర్తు తెచ్చుకోండి. బడివాళ్ళు వాణ్ణి దాదాపు అడుగు తరగతిలో వేశారు. ఇంగ్లీషు అక్షరాలు వాడు మొదట చూసింది అక్కడే. ఆ రోజుల్లో చైనా బడుల్లో వాడిన మొదటి ఇంగ్లీషు వాచకం గురించి తెలిసి మేము ఆశ్చర్యపోయాం. అది ఇంగ్లీషువాళ్ళు మన దేశపు బడి పిల్లల కోసం తయారు చేసినది. షాంఘైలోని కమర్షియల్ ప్రెస్ వారు 1898లో దానికి చైనా భాషలో అర్థాలు చేర్చి అచ్చు వేశారు. మన తాతల తరం దిద్దిన ఇంగ్లీషునే ఆ పిల్లవాడూ దిద్దాడన్నమాట.

ఆ బడిలో వాడు పైకి వచ్చింది మాత్రం ఇంగ్లీషు వల్ల కాదు. నలభై రెండో రోజున పంతులు ఒక వాక్యం ఫలానా గ్రంథంలోదని చెప్పాడు. అది అందులోది కాదని వాడికి తెలుసు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినబడకుండా, మెల్లగా చెప్పాడు. పంతులు కోప్పడలేదు. ఏయే పుస్తకాలు చదివావని అడిగి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఒక్కరోజులో నాలుగు తరగతులు పైన కూర్చోబెట్టాడు. అమ్మ కట్టిన పన్నెండు నాణేలు ఆ రోజు పనికొచ్చాయి. (ఆ పంతులు కూడా గొప్పవాడే అని మా అభిప్రాయం.)

సరిగ్గా ఆ కాలంలోనే చైనాలో పెద్ద మార్పు జరిగింది. వెయ్యేళ్ళకు పైగా ఆ దేశంలో ఉద్యోగం కావాలంటే పాత గ్రంథాలు కంఠస్థం చేసి రాజుగారి పరీక్షలు రాయాలి. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యాయి. పాత తలుపు మూసుకుంది. కొత్త తలుపు దగ్గర ఇంగ్లీషు కూర్చుంది. కొండపల్లెలో పాత గ్రంథాలు చదివిన పిల్లలందరికీ ఇది పిడుగుపాటు.

చైనా పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు కష్టమో కొంచెం చెప్పాలి. వాళ్ళ భాషలో క్రియ మారదు. నిన్న వెళ్ళినా, రేపు వెళ్ళినా, ఎవరు వెళ్ళినా అదే మాట. నిన్న, రేపు అన్న మాటలో, వాక్యం చివర ఒక చిన్న మాటో కాలాన్ని చెబుతాయి. ఒక పుస్తకం, పది పుస్తకాలు అన్నా పుస్తకం అన్న మాటలో తేడా రాదు. మన తెలుగులో క్రియ మారుతుంది, బహువచనం ఉంది, కాబట్టి మనం కొంత నయం. ఎ, ఏన్, ది విషయంలో మాత్రం వాళ్ళూ మనమూ ఒకే పడవలో ఉన్నాం. పాత చైనా పుస్తకాల్లో కామాలు, చుక్కలు కూడా ఉండవు. వాక్యం ఎక్కడ ఆగిందో చదివేవాడే కనిపెట్టుకోవాలి. అలాంటి భాష నుంచి వచ్చినవాడికి ఇంగ్లీషు వ్యాకరణం పెద్ద అడవి.

1906లో హూ షి చైనా పబ్లిక్ స్కూల్ అనే విద్యాలయంలో చేరాడు. అక్కడ ఇద్దరు ఇంగ్లీషు మాస్టార్లు, యావ్ కాంగ్‌హౌ, వాంగ్ యున్‌వు, ప్రతి వాక్యాన్నీ విప్పి ఏ ముక్క ఏ పని చేస్తుందో చూపించేవారు. వాంగ్ యున్‌వు తర్వాత అదే కమర్షియల్ ప్రెస్‌కు అధిపతి అయ్యాడు. 1908లో ఆ స్కూల్లో గొడవలై విద్యార్థులు విడిపోయి కొత్త స్కూలు పెట్టుకున్నారు. అదే సమయంలో ఇంటి వ్యాపారం దెబ్బతింది, డబ్బు రావడం ఆగింది. కొత్త స్కూలువాళ్ళు హూ షిని కింది తరగతులకు ఇంగ్లీషు చెప్పమన్నారు. నెలకు ఎనభై యువాన్లు, అదీ నికరంగా చేతికి రాదు. వారానికి ముప్పై గంటలు చెప్పాలి, ఆపైన కాంపోజిషన్ పుస్తకాలు దిద్దాలి. అప్పటికి వాడికి పదిహేడేళ్ళు నిండలేదు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడడం రాదు.

ఈ ఏడాది గురించి మేము కాస్త ఆగి చెప్పదలిచాం. ఆ సంవత్సరం హూ షి పెద్ద ఇంగ్లీషు గ్రంథాలేమీ చదవలేదు. చెప్పేవాడికి సందేహం ఉంటే చెప్పడం కుదరదు గనుక ప్రతి మాటా ఆ చోట ఎందుకుందో రాత్రి పూట తేల్చుకుని, పొద్దున చెప్పేవాడు. ఇంగ్లీషు వాక్యాన్ని చైనా వాక్యం పక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో పోల్చి చూసేవాడు. తన ఇంగ్లీషుకు పునాది పడింది ఆ ఒక్క ఏడులోనే అని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. మన హాస్టల్‌లో స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి వాళ్ళకు పాఠం చెప్పమని వార్డెన్ సార్ అంటే మేము ముఖం చాటేసిన రోజులు లేకపోలేదు.

1909 చివర ఆ కొత్త స్కూలు మూతబడి పాతదాంట్లో కలిసిపోయింది. హూ షి వెనక్కి వెళ్ళలేదు. డిగ్రీ లేదు, ఇంట్లో డబ్బు లేదు, ఊరికి వెళ్ళడానికి ముఖం లేదు. షాంఘైలో కొందరు మిత్రులతో ఒక ఇంట్లో ఉంటూ చిన్న ఉద్యోగం చేశాడు. పేకాట మొదలైంది. తర్వాత తాగుడు, తర్వాత రాత్రుళ్ళు తిరుగుళ్ళు. ఇవి ఎవరో ఆయన మీద చెప్పిన చాడీలు కావు. నలభై ఏళ్ళ వయసులో ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. 1910 మొదట్లో ఒక వాన రాత్రి ఒళ్ళు తెలియకుండా తాగి రిక్షా ఎక్కాడు. కోటు పోయింది. బురదలో ఒక బూటు చేత్తో పట్టుకుని నడుస్తూ, అడ్డం వచ్చిన పోలీసును ఆ బూటుతోనే కొట్టాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. మెలకువ వచ్చేసరికి స్టేషను గదిలో ఉన్నాడు. అయిదు యువాన్ల జరిమానా కట్టించుకుని వదిలారు.

ఇంటికి వచ్చి అద్దంలో ముఖం చూసుకుంటే గాయాలు. ఏడవలేదట. అమ్మ గుర్తొచ్చిందట. తాను పనిచేసే స్కూలుకు చెడ్డపేరు వస్తుందని ఆ రోజే ఉద్యోగం మానేశాడు.

అప్పుడే ఒక మిత్రుడు, షు యిసున్, అమెరికా స్కాలర్‌షిప్ పరీక్ష రాయమని వెంటపడ్డాడు. ఆ స్కాలర్‌షిప్ వెనుక ఉన్నది చైనా డబ్బే. 1900 బాక్సర్ల తిరుగుబాటు తర్వాత విదేశాలు చైనా మీద 45 కోట్ల టేళ్ళ వెండి జరిమానా వేశాయి. టేలు అంటే మన మూడు తులాల పైచిలుకు. తన వంతు అసలు నష్టం కంటే ఎక్కువ ఉందని అమెరికా 1908లో ఆ ఎక్కువ మొత్తాన్ని వదులుకుంది. దానితో చైనా విద్యార్థులు అమెరికాలో చదవాలన్నది ఏర్పాటు. 1909లో మొదటిసారి పరీక్ష పెట్టి 47 మందిని పంపారు. రెండో పరీక్ష 1910 వేసవిలో.

అప్పులు తీర్చడానికి, దారి ఖర్చులకు, అమ్మకు కొంత పంపడానికి మిత్రులు, బంధువులు చేతనైనంత ఇచ్చారు. హూ షి రెండు నెలలు తలుపు వేసుకుని చదివాడు. తర్వాత రెండో అన్నతో బీజింగ్ వెళ్ళి, అన్నగారి మిత్రుడొకాయన చూపిన చోట ఉండి మళ్ళీ చదివాడు. ఒక్క నాటకం చూడలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. దరఖాస్తులో పాత పేరు హూ హోంగ్‌సింగ్ రాయలేదు. ఎప్పుడో వ్యాసాల కింద పెట్టుకున్న హూ షి అనే పేరు రాశాడు. తప్పితే ఆ హూ షి ఎవరో ఎవరికీ తెలియదు కదా అని. షి అంటే పరిస్థితులకు తగినట్టు నిలబడగలిగేది అని అర్థం. డార్విన్ సిద్ధాంతం చైనా యువకుల నోళ్ళలో నానుతున్న కాలంలో అన్న సూచించిన పేరది.

నాలుగు వందల మందికి పైగా పరీక్ష రాశారు. సీట్లు డెబ్బై. మొదటి విడతలో చైనా భాషలో ఒక వ్యాసం, ఇంగ్లీషులో ఒక వ్యాసం. చైనా వ్యాసానికి వృత్తలేఖిని, మూలమట్టం గురించిన ఒక పాత సామెత ఇచ్చారు. హూ షికి ఏం రాయాలో తోచలేదు. అసలు ఈ రెండు పరికరాలు చైనాలో ఏ కాలంలో వచ్చాయి అని తవ్వకం మొదలుపెట్టి ఏదో రాశాడు. దిద్దినాయనకు అలాంటి పరిశోధనలంటే ప్రాణం. నూటికి నూరు వేశాడు! ఆ వ్యాసం ఉత్త పిచ్చిరాత అని హూ షే తర్వాత నవ్వుకున్నాడు. ఇంగ్లీషులో అరవై. సరాసరి ఎనభై, పదో స్థానం. రెండో విడతలో గణితం, చరిత్రలు, భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల వంటివి. ఇవన్నీ చివరి నిమిషంలో మింగినవే, బాగా రాయలేదని తనకే తెలుసు.

ఫలితాలు గోడకు అంటించారని కబురు వచ్చింది. రిక్షాలో వెళ్ళేసరికి చీకటి పడింది. రిక్షా దీపం చేత పట్టుకుని, పై నుంచి చూసే ధైర్యం లేక, జాబితా అడుగు నుంచి చదవడం మొదలుపెట్టాడు. చివరి దాకా చదివాడు. పేరు లేదు. గుండె జారిపోయింది. అప్పుడు పైన చూస్తే అది వెయిటింగ్ లిస్టు. పక్కన ఉన్నది అసలు జాబితా. మళ్ళీ అడుగు నుంచి మొదలు. హూ అని కనిపించింది, ఎగిరి గంతేయబోయాడు, తీరా చూస్తే అది హూ దా. ఇంకొంచెం పైకి వెళ్తే హూ షి. డెబ్బైలో యాభై అయిదో పేరు. దీపం దించి అదే రిక్షాలో వెనక్కి వచ్చేశాడు. దారి పొడుగునా ఆ హూ దా ఎవడో, ఊరికే సంతోషపెట్టి చంపబోయాడే అనుకున్నాడట. ఆ హూ దా తర్వాత హూ మింగ్‌ఫు అనే పేరుతో చైనాలో పేరుపొందిన గణిత శాస్త్రజ్ఞుడై, హూ షికి మంచి మిత్రుడయ్యాడు. ఆ జాబితాలో రెండో స్థానం వచ్చిన యువకుడు భాషాశాస్త్రంలో ప్రపంచమెరిగిన చావ్ యువాన్‌రెన్. మొదటి పది మందిలో లేనివాళ్ళే ఎక్కువమంది అన్నది లెక్క తేలని విషయం కాదు గాని, యాభై అయిదు కూడా జాబితాలోదే.

తల్లిని చూసి వెళ్ళడానికి వ్యవధి లేకపోయింది. 1910 ఆగస్టులో ఓడ ఎక్కి కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విద్యలో చేరాడు. ఆ కళాశాలలో ట్యూషన్ ఫీజు లేదు, మిగిలిన డబ్బు అమ్మకు పంపవచ్చు. కాని ఒకరోజు ముప్పైకి పైగా ఆపిల్ రకాలు ముందు పెట్టి పేర్లు రాయమన్నారు. రైతుల ఇళ్ళ నుంచి వచ్చిన అమెరికా కుర్రాళ్ళు చకచకా రాసి, ఒకటి కొరుక్కుంటూ వెళ్ళిపోయారు. చైనాలో పెరగని ఆ పళ్ళతో హూ షి రెండున్నర గంటలు కుస్తీ పట్టి ఇరవై దాకా రాయగలిగాడు. 1912లో వ్యవసాయం వదిలి తత్వశాస్త్రం, సాహిత్యం వైపు మారాడు. ఇంగ్లీషులో ఉపన్యాసం ఇవ్వడం నేర్చుకునే క్లాసులో, మండు వేసవిలో, మొదటిసారి నిలబడితే చలి పుట్టి వణికాడు. బల్ల పట్టుకుంటే గాని నిలబడలేకపోయాడు. మాస్టారు తర్వాతిసారి ఆ బల్ల తీయించేశాడు. పట్టుకోవడానికేమీ లేక మాట మీద ధ్యాస పెట్టాడు, వణుకు మరిచాడు. 1914లో ఆంగ్ల కవి బ్రౌనింగ్ మీద వ్యాసాల పోటీ జరిగింది. ఈసారి కూడా మారుపేరుతోనే పంపాడు. యాభై డాలర్ల బహుమతి ఈ చైనా విద్యార్థికి వచ్చింది. అరవై మార్కులు వచ్చి నాలుగేళ్ళు కూడా నిండలేదు.

1915లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి మారాడు. ఆ పేరు వినగానే మన హాస్టల్ పిల్లలు తల ఎత్తుతారని మాకు తెలుసు. అవును, 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ చదివిందీ అక్కడే. 1915-16 విద్యా సంవత్సరంలో ఇద్దరూ ఆ ప్రాంగణంలోనే ఉన్నారు. ఇద్దరికీ గురువు జాన్ డ్యూయీ. ఇద్దరూ ఆ గురువును చివరి దాకా తలుచుకున్నారు.

ఇక్కడి నుంచి మేము హూ షిని గౌరవంగా రాయక తప్పదు. 1917లో తిరిగి వచ్చేనాటికి ఇరవై అయిదేళ్ళ ఆయన బీజింగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆ జనవరిలోనే ఒక వ్యాసం ప్రచురించారు. చచ్చిన పాత భాషలో కాక జనం మాట్లాడే భాషలో రాయాలని అందులో వాదించారు. మన దగ్గర గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడుతున్నదీ ఆ రోజుల్లోనే. 1920లో చైనా ప్రభుత్వం చిన్న తరగతుల వాచకాలు వాడుక భాషలో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు కామాలు, చుక్కల వంటి విరామ చిహ్నాలను కూడా అధికారికంగా ఒప్పుకుంది. అందుకు అర్జీ పెట్టిన వారిలో హూ షి ఒకరు. ఇంగ్లీషు వాక్యాన్ని చైనా వాక్యం పక్కన పెట్టి రాత్రుళ్ళు పోల్చుకున్న ఆ పదిహేడేళ్ళ మాస్టారి పని అక్కడి దాకా వచ్చింది.

కొడుకు అమెరికాలో ఉండగా తల్లికి ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది. చదువు పాడవుతుందని కబురు పంపనివ్వలేదు. ఫొటో తీయించుకుని దాచి పెట్టమంది. తాను పోతే కొడుక్కి చెప్పవద్దని, ఎప్పటిలాగే తన పేరున ఉత్తరాలు రాయిస్తూ ఉండమని, వాడు చదువు ముగించుకుని వచ్చాక ఆ ఫొటో ఇవ్వమని ఇంట్లోవాళ్ళకు చెప్పింది. ఆ గండం గడిచింది. 1917లో కొడుకును చూసుకుంది, ఆ ఏడాది చివర పెళ్ళి చేసింది. 1918 నవంబరులో నలభై అయిదేళ్ళకే కన్నుమూసింది. ఆయన అప్పుడూ దగ్గర లేరు.

తర్వాతి జీవితం పెద్దది, మేము త్వరగా చెబుతాం. 1938 నుంచి 1942 దాకా యుద్ధకాలంలో అమెరికాలో చైనా రాయబారి. దేశమంతా తిరిగి చైనా తరఫున ఇంగ్లీషులో ఉపన్యసించారు. యుద్ధం తర్వాత బీజింగ్ విశ్వవిద్యాలయ అధ్యక్షులు. 1949 విప్లవం తర్వాత చైనాలో ఆయన భావాలను ఖండిస్తూ పెద్ద ఉద్యమమే నడిపారు. అక్కడే ఉండిపోయిన చిన్న కొడుకు 1957లో ఆత్మహత్య చేసుకున్నాడు. రాజకీయాల్లో ఆయన తీసుకున్న పక్షం గురించి ఈనాటికీ రెండు మాటలు ఉన్నాయి. మేమూ అందులో అన్నీ ఒప్పుకోలేదు. 1958 నుంచి తైవాన్‌లో అకడెమియా సినికా అనే పరిశోధన సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు. 1962 ఫిబ్రవరి 24న ఆ సంస్థ సభ్యుల విందులో గుండెపోటుతో కూలిపోయారు.

ఈ వ్యాసం చిత్తుప్రతి తీసుకుని మేము మళ్ళీ ఆ తమ్ముడి ఊరికి వెళ్ళాం. ఈసారి లేడని చెప్పించలేదు. ఇటుకల గుట్ట మీద కూర్చుని రిక్షా దీపం ఘట్టం దాకా చదివాడు, మిగతాది తర్వాత చదువుతానని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంగ్లీషు పేపరుకు మళ్ళీ ఫీజు కట్టానని, మార్చిలో రాస్తానని చెప్పాడు. హాల్ టికెట్ నంబరు మాత్రం ఎవరికీ చెప్పనన్నాడు. మేము అడగలేదు.